మామా అల్లుళ్ళ మధ్య కాగితమా?

మా వైపు ఇల్లు కట్టుకునే పెద్దమనిషి ముగ్గురి మాట వింటాడు. ఒకరు వాస్తు సిద్ధాంతి, రెండోవాడు మేస్త్రి, మూడోవాడు బావమరిది. ఈ ముగ్గురికీ పొత్తు కుదరనప్పుడు నాలుగోవాడొకడు జ్ఞాపకం వస్తాడు. ఆ నాలుగోవాణ్ణి నేను. బోర్డు మీద ‘ఆర్కిటెక్టు’ అని రాసుకున్నాను గాని, ఈ ముప్ఫయ్యేళ్ళ పైచిలుకులో ప్రొద్దుటూరులో నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. తక్కిన ఊరంతటికీ నేను ‘ప్లాను గీసే ఆయన’నే.

బోర్డు సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క చెప్పి ముందుకు సాగుతాను. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం, కౌన్సిల్లో పేరు నమోదైనవాడే ఆ పేరు చెప్పుకోవాలి. ప్లాను మరొకరు గీయకూడదని ఆ చట్టంలో లేదు. పేరు మాత్రం పెట్టుకోకూడదు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే తేల్చిచెప్పింది. అంచేత మా వీధి చివర ప్లాన్లు గీసే కుర్రాడి మీద నాకు పోట్లాటేమీ లేదు. అతని ఫీజు నా ఫీజులో నాలుగో వంతు అన్న బాధ తప్ప!

1993లో ఆఫీసు తెరిచాను. హైదరాబాదులో ఐదేళ్ళు చదువుకుని, గుళ్ళూ గోపురాలూ, దేశదేశాల భవనాలూ బుర్రనిండా నింపుకుని వచ్చిన రోజులవి. వృత్తి ఎలా నడుపుకోవాలో చెప్పే పేపరొకటి ఆఖరి ఏడాదిలో ఉండేది. ఒప్పందాలూ, ఫీజులూ, బాధ్యతలూ అన్నీ అందులోనే. పరీక్ష ముందురోజు రాత్రి చదివి, మర్నాడు సాయంత్రానికల్లా నిక్షేపంగా మరిచిపోయాను.

నాకు తోడు పులివెందులనుంచి వచ్చిన నా సహాధ్యాయి. వాడక్కడ ఆఫీసు చూసుకునేటట్టూ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేను చూసుకునేటట్టూ అనుకున్నాం. రాబడి చెరిసగం, ఖర్చు చెరిసగం. ఇదంతా బస్టాండు దగ్గర హోటల్లో దోసెలు తింటూ అనుకున్నదే. కాగితం మీద పెట్టడం మా ఇద్దరికీ తోచలేదు. తోచినా పైకి అని ఉండేవాళ్ళం కాము. స్నేహితుణ్ణి పట్టుకుని “సంతకం పెట్టరా” అంటే వాడేమనుకుంటాడు?

1996లో జమ్మలమడుగునుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మాకు చుట్టం కాదు. మా నాన్నగారికి పరిచయస్థుడు. మొదటి రోజే నన్ను ‘అల్లుడా’ అన్నాడు. నేనూ ‘మామా’ అన్నాను. ఈ పిలుపులోనే నా కొంప మునిగిందని అప్పుడు తెలియదు. మామ దగ్గర ఫీజు ఎంతో చెప్పడానికే నాలుక రాలేదు. ఇక ఒప్పందపత్రం అడగడమా!

స్థలం చూశాను. నల్లరేగడి. మా సీమవాళ్ళకు రేగడి గురించి చెప్పనక్కరలేదు గాని, తక్కినవారి కోసం చెబుతాను. వానకు అది ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, ఆ బీటల్లో చెయ్యి పడుతుంది. శనగపంటకు బంగారంలాంటి నేల, పునాదికి మాత్రం పగవాడు. దీనికి రూర్కీలోని భవన పరిశోధనాలయంవారు చెప్పిన ఉపాయమొకటుంది. ఉబ్బీ కుంగీ ఆడే పైపొరను దాటి లోతుగా గుంట తోడి, అడుగున ఎర్రగడ్డలా లావుగా ఉండేటట్టు కాంక్రీటు కంభాలు పోయాలి. వాటి మీద దూలం వేసి గోడ లేపాలి. నేను అలాగే గీశాను. ముందు నేల పరీక్ష చేయిద్దామన్నాను కూడా.

“మట్టి పరీచ్చా? అది సేద్యానికి గదా చేస్తారు. ఇంట్లో శనగలు యేయమంటావా ఏంది అల్లుడా?” అని మామ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు విలువ ఎంతో తరవాత లెక్కవేసుకున్నాను.

పని మొదలైన పదోరోజున వెళ్ళేసరికి కంభాలు లేవు. మామూలు పునాది తవ్వి, రాళ్ళు పేరుస్తున్నాడు మేస్త్రి. “మామా, ఇది ఈ నేలకు ఒప్పదు” అన్నాను. “మా తాత కట్టిన మిద్దె నూరేండ్లుగా నిలబడుండాది. దానికి ఏ కంభాలుండాయి?” అన్నాడాయన. ఆ మిద్దె గోడలు రాతితో, మట్టితో రెండడుగుల మందాన కట్టినవనీ, ఏటా బీటలకు మట్టి మెత్తుకుంటూ, పైన చవుడు పోసుకుంటూ నెట్టుకొచ్చారనీ చెప్పాను. ఆయన వినలేదు. నేనింకోసారి చెప్పి ఊరుకున్నాను. మజ్జిగ తాగి బస్సెక్కాను. ఆ మజ్జిగ బదులు నాలుగు వాక్యాల ఉత్తరమొకటి రాసి ఉంటే ఈ కథే లేదు.

1997లో గృహప్రవేశం జరిగింది. నన్ను కూర్చోబెట్టి పంచెలచాపు పెట్టారు. ఫీజు 32,000లో 12,000 ముట్టింది. మిగతా 20,000 ‘యాడికి పోతాది అల్లుడా’ అన్నాడు మామ.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. హాలు గుమ్మం పైమూలనుంచి కప్పుదాకా గోడ మెట్లు మెట్లుగా పగిలింది. తరవాత పడకగది, ఆ తరవాత వంటిల్లు. 1999 జనవరిలో మాకు ప్లీడరు నోటీసు వచ్చింది. ‘మీ వృత్తిలో అశ్రద్ధ వల్ల’ ఇల్లు దెబ్బతిన్నదనీ, 2,40,000 రూపాయలు ఇవ్వకపోతే కడపలో వినియోగదారుల ఫోరానికి వెడతామనీ దాని సారాంశం. అది చదివి నేను తెల్లబోయాను. అంత సొమ్ము నేను ఒక్కసారిగా కళ్ళచూసి ఎరుగను.

మా వీధిలోని ప్లీడరుగారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ రెండే ప్రశ్నలు వేశారు.

“కాగితమేమైనా ఉందా?”

“లేదండీ. నోటితో రెండుసార్లు చెప్పాను.”

“నోటిమాట కూడా చట్టానికి ఒప్పందమేనయ్యా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని కాదనదు. కాని నువ్వు చెప్పావని ఎవరు చెబుతారు?”

“మేస్త్రి విన్నాడండీ.”

మేస్త్రి కువైటు వెళ్ళి ఆరు నెలలయింది.

“పోనీ, ఇన్సూరెన్సు ఉందా?”

“ఉందండీ, స్కూటరుకు.”

ఆయన నవ్వలేదు. అప్పుడే నాకు సంగతి ఎంతదాకా వచ్చిందో బోధపడింది.

ఆయన చెప్పినదాంట్లో ఇంకా చేదైనది వేరే ఉంది. మా భాగస్వామ్యం ఎక్కడా నమోదు కాలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టంలో ఒక చమత్కారముంది. నమోదు చేయించుకోని సంస్థ తనకు రావలసిన బాకీ కోసం బయటివాడి మీద దావా వెయ్యలేదు. బయటివాడు మాత్రం దాని మీద హాయిగా వెయ్యవచ్చు. అంటే మామ ఇవ్వవలసిన 20,000 సంగతి కోర్టులో ఎత్తడానికి కూడా మాకు నోరు లేదన్నమాట. నమోదు చేయించుకున్న తరవాత వేసుకోవచ్చట. అయితే ఫీజు బాకీకి గడువు మూడేళ్ళు. పని ముగిసి మూడేళ్ళు దాటితే, మధ్యలో రాతపూర్వకంగా ఒప్పుకోలు ఏదీ లేకపోతే, ఆ బాకీ మామ అన్నట్టు ఎక్కడికీ పోదు గాని, మన దగ్గరికి మాత్రం రాదు.

పైపెచ్చు, భాగస్వాముల్లో ఒకడు చేసిన పనికి ఇద్దరూ బాధ్యులే. ఒక్కొక్కడూ మొత్తానికి బాధ్యుడు. అవసరమైతే సొంత ఆస్తి కూడా కదులుతుంది. ఈ కబురు మోసుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. ఆ దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. దిగేసరికి అన్నీ మరిచిపోయాను.

మా వాడు చీనీతోటలో ఉన్నాడు, వాళ్ళ నాన్న దగ్గర. నోటీసు చేతిలో పెట్టాను. చదివాడు.

“ఆ గోడ మొహం కూడా నేను చూడలేదు కదరా!” అన్నాడు.

నిజమే. ఆ జమ్మలమడుగు ఇల్లు ఏ వీధిలో ఉందో వాడికి తెలియదు. నేను తల వంచుకుని నిలబడ్డాను. చెట్టుకింద కాయలు ఏరిస్తున్న పెద్దాయన ఇదంతా విని, కొడుకుని అడిగాడు.

“ఆ ఇంటిమింద మిగులొచ్చింటే నీకు సగం ఇచ్చిండునా?”

“ఇచ్చిండును నాయనా.”

“అట్లయితే ఇంగేం మాట్లాడేది?” అని మళ్ళీ కాయల్లో పడ్డాడు.

చట్టం రెండు పేజీల్లో చెప్పినదాన్ని ఆ పెద్దాయన ఒక్క ప్రశ్నలో తేల్చేశాడు. కాని చట్టంలో లేని సంగతి ఒకటుంది. మా వాడు మరో మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. అది న్యాయమే.

ప్లీడర్లు ఇద్దరూ కూర్చుని రాజీ చేశారు. మేము 60,000 ఇచ్చేటట్టూ, ఫీజు బాకీ మాట మరిచిపోయేటట్టూ. నా వంతు 30,000. ఇంట్లో ఆ మాట చెప్పిన రాత్రి మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, “తప్పు వాళ్ళది కదండీ?” అంది.

“వాళ్ళదే. నేను చెప్పాను కూడా. రాయలేదంతే.”

“పాలవాడికి కూడా నేను క్యాలెండరు మీద గీత పెడతాను కదండీ!” అంది.

కోపంగా అన్నా బాగుండేది. ఆశ్చర్యంగా అంది.

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. ఎక్కడెక్కడివాళ్ళో పెళ్ళినగలు కొనడానికి మా ఊరి బజారుకు వస్తారు. ఆ బజారుకే నేను మా ఆవిడ గాజులూ గొలుసూ పట్టుకుని తాకట్టు పెట్టడానికి వెళ్ళాను. ఎదురైన ప్రతివాడూ “ఏం సార్, బంగారం కొంటాండారా?” అని పలకరించినవాడే. అవి విడిపించడానికి రెండేళ్ళ పైగా పట్టింది.

డబ్బు ఇవ్వడానికి వెళ్ళిన రోజున మామ మమ్మల్ని భోంచెయ్యకుండా పోనివ్వలేదు. ఆ పగిలిన గోడకింద పీట వేసి, నెయ్యి వడ్డించాడు. ఆయనకు నా మీద కోపం లేదట. నాకు ఆయన మీద ఉండాలో ఉండకూడదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ ఏడే మా భాగస్వామ్యపత్రం రాయించి నమోదు చేయించాము. ఒకడు చేసే పెద్ద పని ఏదైనా రెండోవాడు చూసి పొడిసంతకం పెట్టాలన్నది అందులో మా వాడు పట్టుబట్టి రాయించిన షరతు. నేను కిక్కురుమనలేదు.

తరవాత ఇల్లు కట్టుకునేవాళ్ళతో ఒప్పందం. నాలుగు పేజీలు, తెలుగులోనే. దాన్ని ముందు పెట్టాలంటే మొదట్లో చెమటలు పట్టేవి. మా వైపు మాటకున్న విలువ అలాంటిది. కాగితం అడిగితే ‘నమ్మకం లేదా’ అంటారు. అందుకని ఒక చిన్న అబద్ధం అలవాటు చేసుకున్నాను. ‘బ్యాంకు లోనుకు ఉండాలండీ’ అనేవాణ్ణి. బ్యాంకు పేరు చెబితే ఎవరికీ రోషం రాదు. కొన్నాళ్ళకు ఆ అబద్ధం కూడా అక్కరలేకపోయింది.

ఆ నాలుగు పేజీల్లో ఏముందని అడుగుతారేమో. నేనేం చేస్తానో ఉంది, అంతకంటే ముఖ్యంగా ఏం చెయ్యనో ఉంది. నేను అప్పుడప్పుడు వచ్చి పని చూస్తాను. రోజూ నిలబడి సిమెంటుపాళ్ళు చూడడం నా పని కాదు, దానికి యజమాని మనిషిని పెట్టుకోవాలి. ‘ఇంజనీరు చూస్తున్నాడులే’ అన్న మాట మీదే సగం తగాదాలు పుడతాయి కనుక ఈ షరతు పెద్దక్షరాల్లో వేయించాను. సరుకు నాణ్యానికీ పనితనానికీ కాంట్రాక్టరు జవాబుదారీ. కంభాలూ దూలాల లెక్కలు వేసే స్ట్రక్చరల్ ఇంజనీరు తన కాగితాల మీద తానే సంతకం పెట్టాలి. నేల పరీక్ష యజమాని ఖర్చు. ప్లానులో మార్పు కావాలంటే రాసి అడగాలి, నేను రాసి జవాబివ్వాలి. నా మాట కాదని కట్టుకుంటే ఆ భాగానికి నేను బాధ్యుణ్ణి కాను. కాని ఈ చివరి మాట రాసుకున్నంత మాత్రాన నా తప్పులన్నీ కడుక్కుపోవని ప్లీడరుగారు వేలెత్తి మరీ హెచ్చరించారు. ప్రమాదం ఉందని తెలిసి నోరు మూసుకున్నవాణ్ణి ఏ షరతూ కాపాడదట.

ఫీజు మెట్లమీదుగా రావాలి. పెన్సిలు పట్టకముందు కొంత, నమూనా నచ్చాక కొంత, మునిసిపాలిటీకి పెట్టే ప్లాన్లప్పుడు కొంత, అలాగ. గృహప్రవేశం దాకా ఆగితే పంచెలచాపుతో సరి.

ఇంకొక షరతు చూసి అందరూ నవ్వుతారు: ఒక ప్లానుకు ఒకటే ఇల్లు. 1957 నాటి కాపీరైటు చట్టంలో భవనమూ దాని ప్లానూ కూడా కళాకృతుల లెక్కే. ప్లాను హక్కు గీసినవాడిది, రాసి ఇచ్చేస్తే తప్ప. ఎర్రగుంట్ల దగ్గర ఒకసారి బస్సులో పోతూ నా మెట్లను నేనే మూడు ఇళ్ళలో చూశాను. మూడో ఇంట్లో అవి గోడలోకి దారి తీస్తున్నాయి! ఎవరి మీదా దావా వెయ్యలేదు గాని, షరతు మాత్రం వేయించాను.

ఇన్సూరెన్సు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2000లో దాని కోసం వెతికితే మా ఊళ్ళో ఏజెంట్లందరూ జీవితబీమా చెబుతారు, లేకపోతే లారీ బీమా చెబుతారు. “గోడ పగిలితే డబ్బిచ్చే పాలసీ కావాలి” అంటే ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, “గోడకా సార్, మీకా?” అన్నాడు. చివరకు కడప బ్రాంచిలో ఆ దరఖాస్తు దొరికింది. దాన్ని వృత్తిపరమైన నష్టపరిహార బీమా అనుకోవచ్చు. వైద్యులూ, ఆడిటర్లూ, ఇంజనీర్లూ కూడా తీసుకుంటారు.

ఇందులో మామూలు బీమాకు లేని మెలిక ఒకటుంది. ప్లాను గీసిన రోజున పాలసీ ఉంటే చాలదు. నష్టం అడిగే నోటీసు వచ్చిన రోజున పాలసీ బతికి ఉండాలి. 2000లో గీసిన ఇంటికి 2006లో నోటీసు వస్తే, 2006 పాలసీ చూస్తారు. వెనకటి పనికి ఏ తేదీనుంచి వర్తిస్తుందో కూడా దాని మీద రాసి ఉంటుంది. అంచేత ఒక ఏడు పని లేదు కదా అని ప్రీమియం మానేస్తే, వెనకటి ఇళ్ళన్నీ ఒక్కసారిగా గొడుగు బయటికి వచ్చేస్తాయి. కొంత మొత్తందాకా మనమే భరించాలి, ఆ పైదే కంపెనీ ఇస్తుంది. కోర్టు ఖర్చులు పాలసీలో రాసుకున్న మేరకు ఇస్తారు. కావాలని చేసిన మోసానికీ, జరిమానాలకూ ఇవ్వరు. ‘ఈ ఇల్లు నూరేళ్ళు చెక్కుచెదరదు, నాదీ పూచీ’ అని మీసం మెలేసి రాసిస్తే దానికీ ఇవ్వరు. మరొకటి, నోటీసు రాగానే ‘తప్పయిపోయింది మామా’ అనకూడదు! ముందు కంపెనీకి తెలపాలి. ఇది మా వైపు మర్యాదకు విరుద్ధమే. ఏం చేస్తాం?

ఈ బీమా ఒక్కసారే అవసరం పడింది. పులివెందులలో 2006లో అంగళ్ళ కట్టడం ఒకటి. కిందా, పైన ఒక అంతస్తుకూ లెక్కవేసి ఇచ్చాము. యజమాని మూడో అంతస్తు మొదలుపెట్టాడు. ఈసారి మజ్జిగ తాగలేదు. ఆ సాయంత్రమే నేనూ మా వాడూ ఇద్దరం సంతకం పెట్టి, ‘ఈ కంభాలు ఆ బరువు మొయ్యవు, పని ఆపండి’ అని రిజిస్టర్డు ఉత్తరం వేశాం. ఆయన ఆపలేదు. దూలాలకు పగుళ్ళు రాగానే నోటీసు మాకే వచ్చింది. మర్నాడు కంపెనీకి తెలిపాం. వాళ్ళ ప్లీడరు మా ఉత్తరం నకలూ, యజమాని సంతకమున్న రశీదు కార్డూ జతచేసి జవాబిచ్చాడు. తరవాత అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ రోజున మా వాడు నాకు చీనీకాయల బుట్ట పంపించాడు.

పన్నుల సంగతి పొడవుగా చెబితే మీరు ఈ పేజీ తిప్పేసి సీరియల్‌కు వెళ్ళిపోతారు. మాకు 1998లో సేవాపన్ను వచ్చింది, 2017 జూలైలో దాని స్థానంలో జి.ఎస్.టి. వచ్చింది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే నమోదు తప్పదు, ఫీజు మీద నూటికి 18. ‘పన్ను అదనం’ అని ఒప్పందంలో రాయకపోతే ఆ 18 మన జేబులోనుంచే పోతుంది. కంపెనీలు ఫీజులో నూటికి పది ముందే పట్టుకుని ఆదాయపు పన్ను ఖాతాకు కడతాయి. కట్టారో లేదో మనం చూసుకోవాలి.

పోయిన ఏడాది ఒకరోజు మా ఆఫీసు ముందు కారు ఆగింది. మనవరాలి చెయ్యి పట్టుకుని మామ దిగాడు. ఎనభై దాటాయి. చూపు మందగించింది. మనవరాలు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. జమ్మలమడుగులోనే, పాత ఇంటి పక్క జాగాలో ఇల్లు కట్టుకుంటుందట. ఊళ్ళో ఇంకెవరూ లేరా అని నేను లోపల అనుకుంటున్నాను.

కాఫీలయ్యాయి. నాలుగు పేజీల ఒప్పందం తీసి బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి చదవబోతే మామ అడ్డుపడి, “నేల పరీచ్చ యా పేజీలో ఉండాది అల్లుడా?” అన్నాడు.

“రెండో పేజీ మామా.”

“సదువమ్మా అది.”

ఆమె చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. “ఇంగొకసారి సదువు” అన్నాడు. రెండోసారి విన్నాక కలం అందుకుని మనవరాలికిచ్చాడు. ఆమె సంతకం పెట్టబోతుండగా మళ్ళీ ఆపాడు.

“అల్లుడా, ఆ ఇన్సూరెన్సు ఈ యేడుది కట్టినావా?”

“కట్టాను మామా.”

“మాటతో ఎట్లా? రశీదు చూపీ.”

రశీదు ఎక్కడుందో కనుక్కుందామని మా ఆవిణ్ణి కేకేశాను. ఆమె వంటింట్లోనుంచే, “పాల క్యాలెండరు వెనక ఉంది, చూడండి” అంది.